గోలు ముందు నిలబడిన పిల్లలు

ఒకరిని గురించి మరొకరు రెండు మాటలు రాసి సంతకం చేయడం మన కార్యాలయాలలో ఏటేటా జరిగే పని. రైల్వేలో ముప్పయి మూడేళ్లు గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ పని లోతుపాతులు కొంత తెలుసు. అధికారులు రాసిన రహస్య నివేదికలను కవర్లలో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో భద్రపరచిన చేతులు నావి. 'సాధారణం', 'ఫరవాలేదు', 'చొరవ లేదు' వంటి మాటలు ఎవరి జీవితాన్ని ఏ మలుపు తిప్పుతాయో అన్న ఆలోచన ఆ రోజుల్లో నాకు రాలేదు. ఆ ఆలోచన కలిగించినది కార్యాలయం కాదు. రాయపూర్ రైల్వే కాలనీ మైదానంలో గోలు ముందు నిలబడిన ఒక పదమూడేళ్ల పిల్లవాడు.

1931లో విజయనగరం-రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. ఆ దారి వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు పనులు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడి కాలనీలలో స్థిరపడ్డాయి. వాటిలో మాదీ ఒకటి. ఈనాటి మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడతారు. గోలు పడినప్పుడు హిందీలో గోల్‌కీపర్ 'గోల్ ఖాయా' అంటారు. మా పిల్లలు దానినే తెలుగు చేసి 'గోలు తిన్నాడు' అంటారు. వినడానికి సరదాగా ఉన్నా, ఆ మాటలో ఒక తీర్పు దాగి ఉంది. పదిమంది కలిసి వండిన తప్పును ఒక్కడే కూర్చుని తిన్నట్టు లెక్క. గోల్‌కీపర్‌ను మనం చూసే చూపు ఆ క్రియాపదంలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది.

యౌవనంలో నేను కాలనీ జట్టుకు గోల్‌కీపర్‌ను. పేరు తెచ్చుకున్న ఆటగాణ్ణి కాను. వయసు మీరి ఆట మానుకున్న తరువాత ఆదివారం ఉదయాలు చిన్నపిల్లలకు బంతి పట్టడం నేర్పుతూ వచ్చాను. ఆ పరిచయాన్ని బట్టి 2016 డిసెంబరులో పధ్నాలుగేళ్ల లోపు పిల్లల ఎంపిక ఒకటి జరిగినప్పుడు, గోల్‌కీపర్లకు మార్కులు వేసే బాధ్యత నాకు అప్పగించారు.

అచ్చు వేసిన కాగితంలో గళ్లున్నాయి. ఎత్తు, పట్టు, దూకి ఆపడం, తన్ను, ధైర్యం. చివర 'అభిప్రాయం' అని ఒక గడి. నేను చెబుతున్న పిల్లవాడు అరగంట ఆటలో ఐదు గోలులు తిన్నాడు. ఒక్కసారి కూడా నేల మీదికి దూకలేదు. అభిప్రాయం గడిలో 'ఎత్తు చాలదు. ధైర్యం లేదు' అని రాసి సంతకం చేశాను. మొత్తం నాలుగు మాటలు. ఎంపికైన వారి పేర్లు గోడకు అంటించారు. ఎంపిక కాని వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం పిల్లవాడి తండ్రి నా దగ్గరికి వచ్చి, "మా గుంటడిలో లోపమేటో సెప్పండి బాబూ, దిద్దుకుంటాడు" అని అడిగాడు. కాగితాలు చూపించే పద్ధతి లేదని జవాబిచ్చాను. అది కార్యాలయంలో నా నోటికి అలవాటైన మాట. ఆ తరువాత ఆ పిల్లవాడు మైదానానికి రాలేదు.

నెల రోజుల తరువాత మరో పిల్లవాడి తండ్రి ఆ నాటి ఆటను తన సెల్‌ఫోన్‌లో తీశానని చెప్పి చూపించాడు. తన కొడుకు వేసిన గోలు చూపించి మురిసిపోవాలని ఆయన కోరిక. నేను మాత్రం గోలు ముందున్న పిల్లవాణ్ణి చూస్తూ ఉండిపోయాను. మొదటి గోలు సొంత ఆటగాడి కాలికి తగిలి దారి మళ్లిన బంతి. రెండు, మూడు గోలులలో పిల్లవాడు సరిగానే ముందుకు వచ్చి దారి మూశాడు. ఎదుటివాడు పక్కవాడికి బంతి అందించాడు. ఆ పక్కవాడికి అడ్డం నిలవవలసిన రక్షకుడు అక్కడ లేడు. నాలుగవది ఐదు గజాల దూరం నుంచి కొట్టినది. ఐదవ గోలు ఒక్కటే అతని పొరపాటు. వెనక్కి నడుస్తూ ఉండగా బంతి వచ్చింది.

అంతకన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి. గోలులు పడని క్షణాలలో మూడుసార్లు ఎదుటి ఆటగాడు ఒంటరిగా దూసుకువచ్చి, ఈ పిల్లవాడు అప్పటికే ముందుకు వచ్చి నిలబడి ఉండడం చూసి, తన్నడానికి తావు కనిపించక బంతిని పక్కకు తోలుకుపోయాడు. ఆ మూడూ గోలులు కావలసినవే. బంతి కీపర్ చేతికి తగలలేదు కనుక నా కాగితంలో వాటికి గడి లేదు.

ఈ ఆటలో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరించాలి. పెద్దల ఆటలో గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ తన్నే చోటు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని సుమారు 0.4 సెకనులో దాటుతుంది. కన్ను చూసి, మనసు నిర్ణయించి, శరీరం కదలడానికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి గోల్‌కీపర్ పనిలో అధిక భాగం బంతి తన్నక ముందే ముగిసి ఉండాలి. బంతి నుంచి గోలు నడిమికి ఒక గీత గీసినట్టు ఊహించుకొని ఆ గీత మీద నిలవాలి. ముందుకు వచ్చినకొద్దీ తన్నేవాడికి కనిపించే ఖాళీ తగ్గుతుంది. మరీ ముందుకు వస్తే తల మీదుగా బంతి దాటిపోతుంది. ఎదుటివాడి కాలు బంతిని తాకే క్షణానికి తన రెండు పాదాలూ నేల మీద కుదురుగా ఉండాలి. చూపరులకు కనిపించే దూకుడు చాలాసార్లు ఈ పనులు సరిగా జరగనప్పుడు పడే అదనపు శ్రమ మాత్రమే. సరైన చోట నిలిచినవాడి దగ్గరికి బంతి దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. అతడు ఏమీ చేయలేదని మనకు తోస్తుంది.

ఇది పిల్లల విషయంలోనే జరిగే పొరపాటు కాదు. 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు పెద్ద పోటీలలోని 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. గోలు నడిమి భాగంలో నిలిచిపోవడమే కీపర్‌కు ఎక్కువ లాభమని లెక్కలో తేలింది. అయినా వాళ్లు అలా నిలిచినది నూటికి ఆరుసార్లు మాత్రమే. ఊరకే నిలబడి గోలు తింటే నింద, దూకి తింటే సానుభూతి. దూకడాన్నే ధైర్యమని నమ్మి మార్కులు వేసే నాబోటి వాళ్లు లోకమంతటా ఉన్నారన్నమాట.

గోలుల సంఖ్య కూడా అంతే. 2011 జనవరిలో దోహాలో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టు మూడు ఆటలలో పదమూడు గోలులు తిన్నది. దక్షిణ కొరియాతో 4-1 తేడాతో ఓడిపోయింది. అయినా ఆ ఆట చూసినవారు గోల్‌కీపర్ సుబ్రతా పాల్‌ను మెచ్చుకున్నారు. అతడు లేకపోతే ఆ అంకె ఎంతకు పోయేదో వారికి తెలుసు. మైదానం చూసినవారికి తెలిసిన ఆ సంగతి లెక్క మాత్రమే చూసినవారికి తెలియదు. దేశం కోసం నిలిచిన ఆటగాడికి మనం ఇచ్చిన ఆ పాటి న్యాయం పదమూడేళ్ల పిల్లవాడికి నేను ఇవ్వలేకపోయాను.

'ఎత్తు చాలదు' అన్న మాట గురించి కూడా చెప్పుకోవాలి. మన హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లలో భారత జట్టు సభ్యుడు. పొడగరి. అయితే ఆయన గోల్‌కీపర్‌గా మొదలుకాలేదు. 1953లో మద్రాసు రెజిమెంటల్ సెంటర్‌లో చేరిన తరువాత సెంటర్ ఫార్వర్డ్ స్థానం వదలి గోలు ముందుకు వచ్చాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో కొన్ని ఆటలకు ప్రద్యుత్ బర్మన్ కీపర్‌గా నిలిచాడు. దక్షిణ కొరియాతో ఫైనల్‌కు మాత్రం శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తంగరాజ్‌ను ఎంచుకున్నాడు. మన జట్టు 2-1తో గెలిచి స్వర్ణపతకం సాధించింది. రహీమ్ వృత్తిరీత్యా హైదరాబాదు ఉపాధ్యాయుడు. ఆటగాళ్లలో లోపం కనిపిస్తే తీసివేయడం కన్నా ఆ లోపాన్ని దిద్దే ఆటను కల్పించడం ఆయన పద్ధతి. బంతిని ఎక్కువసేపు దగ్గర ఉంచుకొనే అలవాటు పోగొట్టడానికి డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలహీనమైన కాలితోనే తన్నవలసిన పోటీలు పెట్టేవాడు. రెండవ కాలు బలహీనమని కాగితం మీద రాసి ఊరుకోలేదు. ఆ కాలికి పని కల్పించాడు.

పెద్దల ఫైనల్‌కు కీపర్‌ను ఎంచుకొనేటప్పుడు ఎత్తును లెక్కలోకి తీసుకోవడం న్యాయమే. పదమూడేళ్ల వయసులో ఎత్తు అన్నది గుణమూ కాదు, దోషమూ కాదు. అది ఒక తేదీ. ఒకే వయో విభాగంలో సంవత్సరం మొదట్లో పుట్టిన పిల్లవాడికీ చివర్లో పుట్టిన వాడికీ దాదాపు ఏడాది ఎడం ఉంటుంది. పిల్లల ఎంపికలలో ముందు నెలల్లో పుట్టినవారే ఎక్కువగా నెగ్గుకొస్తారని అనేక దేశాల పరిశోధనలు చూపాయి. దీనికి తోడు ఎదుగుదల ఒక్కొక్కరికి ఒక్కో ఏట వస్తుంది. హఠాత్తుగా పెరిగిన పిల్లవాడికి తన చేతులు ఎంత దూరం పోతాయో తనకే కొన్నాళ్లు తెలియదు. నిన్నటి దాకా పట్టిన బంతి ఇవాళ జారుతుంది. ఆ నెలలో చూసినవాడు 'పట్టు లేదు' అని రాస్తాడు.

ఇవన్నీ ఆలోచిస్తున్న రోజుల్లో నా ఉద్యోగ జీవితంలోనిదే మరొక సంగతి గుర్తుకు వచ్చింది. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగి వార్షిక నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, మంచిదైనా చెడ్డదైనా, అతనికి తెలియజేయవలసిందేనని తీర్పు చెప్పింది. తెలిస్తేనే దిద్దుకొనే వీలు, తప్పయితే ఆక్షేపించే వీలు కలుగుతుందన్నది దాని సారం. 2009లో కేంద్ర ప్రభుత్వం ఆ నివేదిక పేరు నుంచి 'రహస్యం' అన్న మాటను తొలగించి, వార్షిక పనితీరు మదింపు నివేదికగా మార్చింది. ఆ ఉత్తర్వు ప్రతులను మా విభాగంలో పంచిపెట్టింది నేనే. పంచిపెట్టిన ఏడేళ్లకు, ఏ ఉత్తర్వూ అడ్డు లేని ఒక ఆట మైదానంలో, ఒక తండ్రితో 'చూపించే పద్ధతి లేదు' అన్నదీ నేనే. ఎంపిక చేయడం చేటతో చెరగడం వంటిది. తాలు పోయి గింజ మిగలాలి. పిల్లల ఆట నారుమడి వంటిది. నారుమడి దగ్గర చేట పట్టుకొని కూర్చున్నవాణ్ణి ఏమనాలి?

2018లో పదవీ విరమణ చేశాక ఒక పొడుగాటి ఖాతా పుస్తకం కొని, కీపర్ పిల్లలు ఒక్కొక్కరికి ఎదురెదురుగా రెండు పేజీలు కేటాయించాను. ఎడమ పేజీ నాది, కుడి పేజీ పిల్లలది. మార్కులు లేవు. ప్రతి సంఘటనకు నాలుగు ప్రశ్నలు. బంతి తన్నక ముందు ఎక్కడ ఉన్నావు? ఏమి చేయాలనుకున్నావు? చేతులూ కాళ్లూ ఏమి చేశాయి? తరువాత ఏమి చేశావు?

మొదటి ప్రశ్నకు జవాబు చూపడానికి ఒక పొడవైన తాడు చాలు. రెండు కొసలూ గోలు స్తంభాలకు కట్టి, మధ్యభాగాన్ని బంతి దగ్గరికి లాగి పట్టుకుంటే తన్నేవాడికి ఎంత ఖాళీ ఉందో పిల్లలకు కంటికి కనిపిస్తుంది. రెండవది నిర్ణయం. ముందుకు రావడమా, ఆగడమా? నిర్ణయం సరైనదై చేతులు తప్పితే ఒక రకం సాధన, చేతులు బాగుండి నిర్ణయం తప్పితే మరో రకం సాధన అవసరం. రెండింటికీ 'గోలు తిన్నాడు' అని ఒకే మాట రాస్తే ఏ సాధన చేయించాలో ఎవరికీ తెలియదు. మూడవది చేతలు. ఛాతీ ఎత్తు బంతికి రెండు బొటనవేళ్లు దగ్గరగా బంతి వెనుక ఉన్నాయా, నేల బంతికి చిటికెన వేళ్లు దగ్గర చేరి బంతిని గుండెకు హత్తుకున్నాయా అని చూడాలి. కాళ్ల సంగతీ ఇక్కడే వస్తుంది. సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కి తన్నిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదన్న నియమం 1992లో వచ్చినప్పటి నుంచి కీపర్ కూడా కాలి ఆటగాడే. నాలుగవ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. గోలు పడ్డాక తల దించుకున్నాడా, రక్షకుల మీద అరిచాడా, బంతి తెచ్చి ఇచ్చి మళ్లీ తన చోటికి వెళ్లాడా?

చివర ఒకే ఒక పని రాస్తాను. ఐదు లోపాలు కనిపించినా ఒకటే. ఆరు వారాల తరువాత ఆ పేజీ తిరగేసి అదే పిల్లవాడి వెనుకటి వాక్యంతో పోలుస్తాను గాని, పక్క పిల్లవాడితో పోల్చను. పుట్టిన నెల, ఎత్తు రాసుకుంటాను. అవి తీర్పు కోసం కాదు, నా తొందరపాటుకు కళ్లెంగా. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, లిపి రాదు. అందుచేత కుడి పేజీలో తెలుగు మాటనే నాగరి లిపిలో రాస్తారు. పేజీని పిల్లలు ఇంటికి తీసుకువెళ్లి చూపించవచ్చు. మొదట్లో తల్లిదండ్రులకు ఇది వింతగా తోచింది. మార్కులెన్ని అని అడిగేవారు.

2024 జూన్‌లో తొలకరి పడ్డాక ఒక ఆదివారం, ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు పన్నెండేళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకొని మైదానానికి వచ్చాడు. నాకన్నా జానెడు పొడుగు. "దీనికి గోల్‌కీపింగ్ నేర్పండి మావయ్యగారూ" అన్నాడు. పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. చెల్లెలు మిగతా పిల్లల్లో కలిశాక పక్కన కూర్చొని మెల్లగా అడిగాడు. "ఆ యేడు నా గురించి ఏటి రాశారు మావయ్యగారూ?"

ఆ కాగితం నా దగ్గర లేదు. అందులోని నాలుగు మాటలు నా దగ్గర ఉన్నాయి. చెప్పాను. సెల్‌ఫోన్‌లో చూసినది కూడా చెప్పాను. మూడు గోలులు తన్నకుండా ఆపిన సంగతి చెప్పాను. అది ఎవరైనా చూశారని అతనికి అప్పటిదాకా తెలియదు. కొంతసేపు ఊరుకొని చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి మీద అంగుళంన్నర మచ్చ.

"ఎంపికకు పది రోజుల ముందు మొరం మీద పడ్డాను. కుట్లు ఏశారు. ధైర్యం లేదని ఆ రోజే సెప్పుంటే, సెయ్యి సూపించేవాణ్ణి కదా."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. క్షమించమని అడిగాను. "ఇప్పుడేటిలెండి" అన్నాడు. అతడు ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఆట మళ్లీ ముట్టుకోలేదు. అదే సంవత్సరం ఈ రాష్ట్రంలోనే నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానంలో ఇరవై ఏళ్ల లోపు యువకుల జాతీయ పోటీలు జరిగాయి. ఆట మానకుండా ఉండి ఉంటే అతడు అంత దూరం వెళ్లేవాడని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. వెళ్లలేకపోయినా ఆదివారాలు ఆడుకునేవాడు. అది మాత్రం చెప్పగలను.

అతని మోచేయి నాకు మరో పాఠం చెప్పింది. ఇక్కడి నేల ఎర్ర మొరం. వేసవిలో పెంకులా గట్టిపడుతుంది. అటువంటి నేల మీద దూకని పిల్లవాణ్ణి పిరికివాడు అనడం నేలకు వేయవలసిన మార్కును పిల్లవాడికి వేయడమే. ఆ వర్షాకాలంలో కాలనీవాసులం చందాలు వేసుకొని గోలు పక్కన ఇసుక పోయించాం. దూకడం అక్కడ నేర్పుతాం. మొదట మోకాళ్ల మీద నుంచి, తరువాత కూర్చున్న చోటు నుంచి, ఆ తరువాతే నిలబడి. మోచేయి కాక, పక్క భాగం నేలకు తగిలేలా పడడం వచ్చాక పిల్లలకు భయం దానంతటదే తగ్గింది.

చెల్లెలు ఇప్పుడు మా కీపర్లలో ఒకతె. గత శీతాకాలంలో ఒక ఆదివారం ఆమె పేజీలో 'పక్క నుంచి వచ్చిన క్రాస్‌కు ఆలస్యంగా కదిలింది' అని రాసి చదివి వినిపించాను. వింటూనే తల అడ్డంగా ఊపింది.

"ఆలస్యం కాదు మావయ్యగారూ. ఎండ కంట్లో పడింది. బంతి కనబడనేదు."

సాకు అనుకున్నాను. అయినా కుడి పేజీలో రాయమన్నాను. మరుసటి ఆదివారం అదే వేళకు, అదే గోలు ముందు నేను వెళ్లి నిలబడ్డాను. కాలనీ ఇళ్ల కప్పుల మీదుగా సూర్యుడు సూటిగా కళ్లలోకి వచ్చాడు. కుడివైపు నుంచి ఒక పిల్లవాడు ఎగరేసిన బంతి సగం దూరం వచ్చేదాకా నాకు కనిపించలేదు.

ఖాతా పుస్తకం తెప్పించి నా వాక్యాన్ని ఆమె ఎదుటే కొట్టివేశాను. ఆ వారానికి రాయవలసిన పని ఏమిటో ఇద్దరం కలిసి ఆలోచించాం. ఆట మొదలయ్యే ముందు సూర్యుడు ఎటు ఉన్నాడో చూసుకొని, దానిని బట్టి నిలబడే చోటు మార్చుకోవాలి. ఆ మాట ఆమే తన పేజీలో రాసింది. నా పేజీలో కూడా అదే రాసుకున్నాను.